సృష్టి కథల్లో దేవుడు ఎక్కడున్నాడు? ప్రాచీన యూదుల భిన్నాభిప్రాయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు శ్రద్ధగా చదివేవాళ్ళకు కొన్ని సందేహాలు పదే పదే వస్తుంటాయి. దేవుడు మాటతో చేశాడా, చేత్తో చేశాడా? తోటలో నిజంగా నడిచాడా? "చేయుదము" అన్నది ఎవరితో? రెండు వేల ఏళ్ళ కిందటి యూదు పండితులు సరిగ్గా ఇవే ప్రశ్నలు వేసుకుని, ఒకరికొకరు పొంతన లేని జవాబులు చెప్పారు. ఆ జవాబుల్ని కలిపి ఒకటిగా రుబ్బకుండా ఎవరివి వారివిగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. తెలుగు వచనాలు ఎక్కువమంది ఇళ్ళల్లో ఉండే పాత అనువాదంలోవి.

## మొదలుపెట్టే ముందు

"ప్రాచీన యూదులు" అంటే ఏ కాలం వాళ్ళు?

ఇక్కడ మాట్లాడుకునేది దాదాపు వెయ్యేళ్ళ కాలం గురించి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేము ఆలయాన్ని కూల్చింది. క్రీ.పూ. 515 ప్రాంతంలో రెండో ఆలయం లేచింది. క్రీ.శ. 70లో రోమన్లు దాన్నీ కాల్చేశారు. తోరా (మోషే ఐదు గ్రంథాలు) గ్రీకు అనువాదం, అంటే సెప్టువజింటులో మొదటి భాగం, క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో తయారైంది. బెన్ సీరా క్రీ.పూ. 180 ప్రాంతంలో రాశాడు. జూబిలీల గ్రంథం క్రీ.పూ. 2వ శతాబ్దం నడిమిది. అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త ఫైలో యేసు కాలంవాడు. రబ్బీల నియమాల సంకలనం మిష్నా క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడింది. ఆదికాండము మీద రబ్బీల వ్యాఖ్యానాల సంకలనం బెరేషిత్ రబ్బా క్రీ.శ. 5వ శతాబ్దపు గలిలయది. ఏ అభిప్రాయం విన్నా ముందు దాని కాలం అడగండి. ఆలయం ఉన్నప్పటి మాటకీ, ఆలయం బూడిదయ్యాక అన్న మాటకీ బరువులో తేడా ఉంటుంది.

ఒకే దేవుణ్ణి నమ్మేవాళ్ళకు ఇన్ని అభిప్రాయాలు ఎందుకు?

దేవుడు ఒక్కడే అన్నదాని మీద వాళ్ళకు పేచీ లేదు. ఆ ఒక్కడు లోకానికి ఎంత దగ్గర అన్నదే పేచీ. మూలంలోనే రెండు సృష్టి కథనాలు పక్కపక్కన ఉన్నాయి, వాటిలో దేవుడు ప్రవర్తించే తీరు వేరు. పైగా చదివేవాళ్ళు వేర్వేరు చోట్ల ఉన్నారు. అలెగ్జాండ్రియా యూదుడికి గ్రీకు తత్వవేత్తల ముందు పరువు నిలబడాలి. మృత సముద్రం దగ్గర విడిగా బతికిన కుమ్రాను సమాజానికి పరిశుద్ధత ప్రాణం. గలిలయ రబ్బీకి ఆలయం లేని లోకంలో దేవుని సన్నిధి ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. ఎవరి అవసరం వాళ్ళ చేత ఒక్కో వచనాన్ని గట్టిగా పట్టుకునేలా చేసింది.

ఈ గ్రంథాలు తెలుగులో దొరుకుతాయా?

కొన్నే. ఆదికాండము, సామెతలు, యోబు, కీర్తనలు అందరి దగ్గరా ఉన్నాయి. బెన్ సీరా, సొలోమోను జ్ఞానగ్రంథం, మక్కబీయులు కతోలిక తెలుగు బైబిల్లో ఉన్నాయి, ప్రొటెస్టెంటు ప్రతుల్లో ఉండవు. జూబిలీలు, హనోకు గ్రంథం ఆ రెంటిలోనూ లేవు. వాటిని ఇథియోపియా ఆర్థొడాక్స్ సంఘం తన బైబిల్లో నిలుపుకుంది. తర్గూములు (హెబ్రీ బైబిలుకు అరామిక్ అనువాదాలు), బెరేషిత్ రబ్బా, తాల్ముదులకు (రబ్బీల చర్చల సంకలనాలు) ఇంగ్లిష్ అనువాదాలు చదవాల్సిందే. సెఫారియా వెబ్‌సైటులో వీటిలో చాలావరకు హెబ్రీ, అరామిక్ మూలంతో పాటు ఉచితంగా ఉన్నాయి.

## మూలవాక్యం దగ్గర

మొదటి అధ్యాయంలో దేవుడు దూరంగా, రెండో అధ్యాయంలో దగ్గరగా ఎందుకున్నాడు?

మొదటి కథనం (1:1 నుంచి 2:3 వరకు) దేవుణ్ణి ఎలోహీమ్ అంటుంది. ఆ పేరు అక్కడ 35 సార్లు వస్తుంది. ఆయన పలుకుతాడు, చూస్తాడు, పేరు పెడతాడు. ఎక్కడ నిలబడి పలికాడో చెప్పదు. రెండో కథనం పేరు మార్చి "దేవుడైన యెహోవా" అంటుంది. ఇక్కడ ఆయన మట్టి ముట్టుకుంటాడు. మొదటి మనిషిని నేలమంటితో నిర్మించి, నాసికారంధ్రాల్లో ఊపిరి ఊదుతాడు. తోట వేస్తాడు, జంతువుల్ని ఆదాము దగ్గరికి తెచ్చి ఏ పేరు పెడతాడో చూస్తాడు, చివరికి చర్మపు చొక్కాయిలు చేసి తొడిగిస్తాడు. "నిర్మించి" అన్నచోట ఉన్న హెబ్రీ క్రియ యాట్సర్, కుమ్మరి కుండ చేసే పనికి వాడే మాట.

ఈ తేడా వల్లే నేటి పరిశోధకులు రెండు మూలాలున్నాయని అంటారు. ప్రాచీనులు అలా విడదీయలేదు. పేరు మారడంలో అర్థం వెదికారు. రబ్బీల లెక్కలో ఎలోహీమ్ న్యాయం, యెహోవా కరుణ. బెరేషిత్ రబ్బాలో ఒక రాజు దగ్గర పలుచని పాత్రలున్నాయి. వేడినీళ్ళు పోస్తే పగులుతాయి, చన్నీళ్ళు పోసినా బీటలిస్తాయి. రాజు రెండూ కలిపి పోశాడు, పాత్రలు నిలిచాయి. లోకాన్నీ అలాగే న్యాయం, కరుణ కలిపి చేశాడన్నమాట. ఫైలో దీన్ని దాదాపు తిరగేశాడు. గ్రీకు బైబిల్లోని "దేవుడు" అనే పేరు ఆయనకు సృజించే మంచితనం, "ప్రభువు" అనే పేరు పాలించి శిక్షించే శక్తి.

"దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను" అంటే ఆత్మా, గాలా?

హెబ్రీలో రూవహ్ అన్న ఒక్క మాటకే గాలి, ఊపిరి, ఆత్మ అని మూడర్థాలున్నాయి. అందుకే ఎవరి చదువు వారిది. ఓన్కెలోస్ తర్గూము "యెహోవా సముఖము నుండి ఒక గాలి వీస్తోంది" అని అరామిక్‌లో చెప్పి, దేవునికీ గాలికీ మధ్య కొంచెం ఎడం పెట్టింది. నెయోఫీతి తర్గూములో అది "కరుణ గాలి". బెరేషిత్ రబ్బాలో రేష్ లాకిష్ దాన్ని మెస్సీయ రాజు ఆత్మ అన్నాడు.

"అల్లాడు" దగ్గర తెలుగు పాఠకులు తరచు తప్పటడుగు వేస్తారు. నేటి వాడుకలో అల్లాడడం అంటే దాహంతోనో బాధతోనో విలవిల్లాడడం. ఇక్కడ ఆ అర్థం లేదు. హెబ్రీ క్రియ మెరహెఫెత్. అదే ధాతువు ద్వితీయోపదేశకాండము 32:11లో వస్తుంది. అక్కడ పక్షిరాజు "తన పిల్లలపైని అల్లాడుచు రెక్కలు చాపుకొని" ఉంటుంది. అనువాదకులు రెండుచోట్లా ఒకే తెలుగు మాట వాడి ఆ బంధాన్ని కాపాడారు, మెచ్చుకోవాల్సిన పని. గూటి మీద రెక్కలాడిస్తూ, పిల్లల్ని తాకీ తాకకుండా నిలిచిన పక్షిని ఊహించుకుంటే వచనం సరిగ్గా కనిపిస్తుంది.

తోటలో నడిచింది దేవుడా, ఆయన స్వరమా?

అసలు మెలిక అంతా ఆదికాండము 3:8లోనే ఉంది. "చల్లపూటను ఆదామును అతని భార్యయు తోటలో సంచరించుచున్న దేవుడైన యెహోవా స్వరమును విని..." ఈ తెలుగు వాక్యాన్ని నెమ్మదిగా చదవండి. "సంచరించుచున్న" అన్నది దేవునికీ అతుకుతుంది, స్వరానికీ అతుకుతుంది. హెబ్రీలోనూ అంతే. మిత్‌హల్లేఖ్ అన్న క్రియారూపం పుంలింగ ఏకవచనం. స్వరం అనే అర్థమున్న కోల్ కూడా పుంలింగమే. కాబట్టి వ్యాకరణం రెండు దారులూ తెరిచే ఉంచింది.

గ్రీకులో ఒక దారి మూసుకుపోయింది. గ్రీకులో స్వరం స్త్రీలింగం. సెప్టువజింటు అనువాదకులు "నడుస్తున్న" అన్న రూపాన్ని పుంలింగంలో, షష్ఠీ విభక్తిలో పెట్టారు. అంటే నడిచింది దేవుడే. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా దేవుడు తోటలోకి వచ్చాడని సాదాగా రాశాడు. ఓన్కెలోస్ "దేవుని మేమ్రా స్వరం" అని ఒక మాట చేర్చింది. మేమ్రా అంటే పలుకు.

బెరేషిత్ రబ్బా మరీ సాహసం చేసింది. వాళ్ళు విన్నది చెట్ల గొంతు అట! "తన సృష్టికర్తను మోసగించిన దొంగ వస్తున్నాడు" అని చెట్లు అరిచాయట. మరో మాట ప్రకారం అది దేవదూతల గొంతు. ఫైలో అయితే అసలు ప్రశ్ననే మార్చాడు. దేవుడు అన్నిటినీ నింపి ఉండగా, ఖాళీ చోటే లేనప్పుడు, మనిషి దాక్కోవడం ఎలా సాధ్యం? దాక్కున్నాననుకోవడమే మూర్ఖుడి భ్రమ అని ఆయన జవాబు.

"నరులను చేయుదము" అన్నప్పుడు ఆ "మనం" ఎవరు?

ఆదికాండము 1:26 రబ్బీలకు తలనొప్పి తెచ్చిన వచనం. హెబ్రీ గ్రంథంలోనే దేవుని చుట్టూ పరలోక సభ కనిపిస్తుంది (1 రాజులు 22:19, యోబు 1:6). మరోవైపు యెషయా 40:14 "ఎవని యొద్ద ఆయన ఆలోచన అడిగెను?" అంటుంది, 44:24 ఒంటరిగా ఆకాశాన్ని విశాలపరచాడంటుంది. ఈ రెండు ధోరణులు తర్వాత కూడా కొనసాగాయి.

జూబిలీల గ్రంథం "చేయుదము" అన్న మాటనే దాటేసింది. యోనాతాను పేరుతో ఉన్న తర్గూము, రెండో రోజున పుట్టిన దేవదూతలతో అన్నాడని తేల్చి చెప్పింది. మనిషి ఒక్కడే మంచికీ చెడుకీ మొగ్గగలడు కాబట్టి, ఆ చెడు మొగ్గు దేవునికి అంటకుండా ఇతరులను తోడు పిలిచాడని ఫైలో అన్నాడు. బెరేషిత్ రబ్బాలో దేవదూతలు జట్లుగా చీలి వాదించుకుంటారు. కరుణ "సృజించు" అంటుంది, సత్యం "వద్దు, వాడంతా అబద్ధం" అంటుంది. నీతి సరే అంటుంది, సమాధానం వద్దంటుంది. దేవుడు సత్యాన్ని నేలకు విసిరాడు.

అదే సంకలనంలో మోషే ఈ వచనం రాస్తూ ఆగి, "ఇలా రాస్తే మతభేదులకు సందు దొరకదా?" అని అడుగుతాడు. "రాయి, తప్పుదారి పట్టాలనుకునేవాడు పట్టనీ" అని జవాబు. రబ్బీ సిమ్లాయి చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది. బహువచనం కనిపిస్తే పక్క వచనం చూడు. 1:27లో "సృజించెను" ఏకవచనమే.

సృష్టికి ముందు సముద్రపు భూతంతో యుద్ధం జరిగిందా?

ఆదికాండములో యుద్ధం లేదు. కీర్తన 74:13-14లో దేవుడు మకరం శిరస్సును ముక్కలు చేస్తాడు. యెషయా 51:9 రాహాబు అనే సముద్రపు భూతాన్ని నరికిన సంగతి గుర్తు చేస్తుంది. బబులోను సృష్టి కావ్యంలో మర్దూకు తియామతు అనే సముద్రదేవతను చీల్చి ఆకాశం చేస్తాడు. ఆదికాండము 1:2లో "అగాధ జలము"కు ఉన్న తెహోమ్ అన్న హెబ్రీ మాట ఆ పేరుకు దూరపు చుట్టం. అయితే ఇక్కడ నీళ్ళు ఎదురు తిరగవు, మాట వినగానే తొలగిపోతాయి. 1:21లో "మహా మత్స్యములు" కూడా దేవుడు చేసిన జీవులే.

## రెండో ఆలయ కాలంలో

సృష్టి జరిగినప్పుడు జ్ఞానం దేవుని పక్కన ఉందా? ఆమె ఎవరు?

సామెతలు 8:22-31లో జ్ఞానం ఒక స్త్రీలా మాట్లాడుతుంది. ఆకాశాన్ని స్థిరపరిచినప్పుడు తాను అక్కడ ఉన్నానంటుంది. 8:30లో తెలుగు "ప్రధానశిల్పినై" అంటుంది. హెబ్రీ మాట ఆమోన్. దాన్ని శిల్పి అనీ చదవవచ్చు, చేతుల్లో పెరిగిన పసిబిడ్డ అనీ చదవవచ్చు. శిల్పి అయితే సృష్టిలో ఆమెకు వాటా ఉంది. పసిబిడ్డ అయితే ఆమె ఆడుకుంటూ చూసింది, అంతే.

తర్వాత దారులు చీలాయి. బెన్ సీరా 24వ అధ్యాయంలో ఆమె సర్వోన్నతుని నోటి నుంచి వచ్చి పొగమంచులా భూమిని కప్పుతుంది, విశ్రాంతి కోసం జాతులన్నీ తిరిగి, చివరికి యెరూషలేములో గుడారం వేసుకుంటుంది. ఆమే మోషే ధర్మశాస్త్రం అని 24:23 తేల్చేస్తుంది. హనోకు 42వ అధ్యాయం దీనికి సరిగ్గా ఎదురు. జ్ఞానం భూమి మీదికి వచ్చింది, ఉండడానికి చోటు దొరకలేదు, తిరిగి పరలోకానికి వెళ్ళి దూతల మధ్య కూర్చుంది. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదవండి, కలిపి పావుగంట కూడా పట్టదు. దేవుని సన్నిధి భూమి మీద నిలిచిందా, విసిగి వెళ్ళిపోయిందా అన్న వాదం ఇంత స్పష్టంగా మరెక్కడా దొరకదు.

జూబిలీల గ్రంథం ఆదికాండమును ఎలా మార్చింది?

ఇది ఆదికాండమును, నిర్గమకాండములో కొంత భాగాన్ని తిరగరాసిన పుస్తకం. సీనాయి కొండ మీద "సన్నిధి దూత" మోషేకు చెబుతున్నట్టు సాగుతుంది. సంపూర్ణ ప్రతి ఇథియోపియా వారి గీజ్ భాషలోనే మిగిలింది. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో హెబ్రీ ముక్కలు దొరికాయి.

మార్పులు చిన్నవే, దిశ మాత్రం ఒకటే. జంతువుల్ని ఆదాము దగ్గరికి తెచ్చింది దేవుడు కాదు, ఆయన ఆజ్ఞతో దూతలు. చల్లపూట నడక లేదు, "నీవు ఎక్కడ ఉన్నావు?" అన్న పిలుపూ లేదు. తనకు తెలియనట్టు అడిగే దేవుడు ఈ రచయితకు మింగుడుపడలేదు. అలాగని దేవుణ్ణి దూరం చేశాడనుకోకండి. ఏదెను తోట అతిపరిశుద్ధస్థలమనీ, యెహోవా నివాసమనీ 8:19లో రాశాడు. దూతల్లో పై రెండు శ్రేణులు దేవునితో కలిసి విశ్రాంతిదినం పాటిస్తాయని చెప్పాడు.

ఏదెను తోటకూ ఆలయానికీ సంబంధం ఉందంటారు, ఆధారం ఏమిటి?

మాటల్లోనే ఉంది. తోటలో దేవుడు "సంచరించిన" క్రియే లేవీయకాండము 26:12లో, 2 సమూయేలు 7:6లో గుడారపు సన్నిధికి వాడారు. ఆదికాండము 2:15లో తోటను "సేద్యపరచుటకును కాచుటకును" అన్న జంట క్రియలు సంఖ్యాకాండము 3:7-8లో లేవీయుల గుడారపు సేవకు వస్తాయి. తోట తూర్పున కెరూబులు కాపలా. ఆలయ ద్వారమూ తూర్పువైపే, లోపల కెరూబుల బొమ్మలే. 3:24లో కెరూబులను "నిలువబెట్టెను" అన్న హెబ్రీ క్రియకు ష-క-న అన్న ధాతువే మూలం, గుడారాన్ని మిష్కాన్ అనడానికీ అదే మూలం. ఈ కోణంలో చదివినవాళ్ళకు సృష్టి అంటే దేవుడు తనకోసం కట్టుకున్న మొదటి నివాసం.

దేవదూతలు ఏ రోజున పుట్టారు? అది ఎందుకంత ముఖ్యం?

ఆదికాండము చెప్పదు. యోబు 38:7 మాత్రం భూమికి పునాది వేస్తుంటే దేవదూతలందరూ ఆనందించి జయధ్వనులు చేశారంటుంది. జూబిలీల ప్రకారం వాళ్ళు మొదటి రోజే పుట్టారు, కాబట్టి మిగిలిందంతా చూశారు. రబ్బీ యోహానాను రెండో రోజు అన్నాడు. రబ్బీ హనీనా, రెక్కలున్నవన్నీ పుట్టిన ఐదో రోజు అన్నాడు. మొదటి రోజు మాత్రం కాదని ఇద్దరికీ ఒప్పుదలే. కారణం బెరేషిత్ రబ్బాలోనే ఉంది. మిఖాయేలు దక్షిణాన, గబ్రియేలు ఉత్తరాన ఆకాశాన్ని లాగి పట్టుకుంటే దేవుడు నడుమ కొలిచాడని ఎవరూ అనకూడదు. సృష్టిలో సాయం పట్టినవాళ్ళు ఎవరూ లేరని నిలబెట్టడానికే ఈ తేదీల పట్టుదల.

ఫైలో చెప్పిన లోగోస్ (దేవుని వాక్కు, బుద్ధి) రెండో దేవుడా?

ఫైలో అలెగ్జాండ్రియా యూదుడు. క్రీ.శ. 39-40 శీతాకాలంలో యూదుల తరఫున రోమా చక్రవర్తి గయ్యస్ దగ్గరికి రాయబారం నడిపినవాడు. లోకసృష్టి మీద ఆయన రాసిన గ్రంథంలో ఒక పోలిక ఉంది. రాజు నగరం కట్టించాలనుకున్నాడు. వాస్తుశిల్పి వచ్చి ఆలయాలు, వీధులు, రేవులు, సంతలు అన్నీ ముందు మనసులోనే గీసుకున్నాడు, మైనం మీద ముద్ర పడ్డట్టు. ఆ నగరం అప్పటికి శిల్పి మనసులో తప్ప ఎక్కడా లేదు. కంటికి కనిపించని ఆదర్శ లోకం కూడా అలాగే దేవుని లోగోస్‌లో తప్ప మరెక్కడా లేదు.

ఒకచోట ఆయన లోగోస్‌ను "రెండో దేవుడు" అన్న మాట నిజమే. ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పకూడదు. ఫైలో దృష్టిలో దేవుని సారం ఎవరికీ అందదు, లోకానికి అందేది ఆయన శక్తులూ లోగోసూ మాత్రమే. ఆయన అన్నిటినీ చుట్టి ఉంటాడు, ఆయనను ఏదీ చుట్టలేదు. ఎక్కడా లేడు, అంతటా ఉన్నాడు. ఈ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో చెప్పడం ఫైలో పద్ధతి.

ఏడో రోజున దేవుడు నిజంగా పని ఆపేశాడా?

ఆపలేదని చెప్పినవాళ్ళే ఎక్కువ. క్రీ.పూ. 2వ శతాబ్దపు యూదు తత్వవేత్త అరిస్తోబులస్ ప్రకారం విశ్రాంతి అంటే సృష్టి క్రమాన్ని శాశ్వతంగా కుదిర్చి పెట్టడం. ఫైలో గ్రీకు క్రియను పట్టుకుని, అక్కడ ఉన్నది "తాను ఆగాడు" కాదు "ఆపించాడు" అన్నాడు. కాల్చడం నిప్పు గుణం, చల్లబరచడం మంచు గుణం, చేయడం దేవుని గుణం. రబ్బీలు తమ శాస్త్రం ప్రకారమే జవాబిచ్చారు. రోము వెళ్ళిన రబ్బన్ గమలీయేలు బృందాన్ని ఒకడు "మీ దేవుడు తానే సబ్బాతు ఎందుకు పాటించడు?" అని నిలదీశాడట. సబ్బాతునాడు మనిషి తన సొంత పెరట్లో వస్తువులు మోసుకోవచ్చు. పైలోకం, కింది లోకం అంతా ఆయన పెరడే అని వాళ్ళ జవాబు.

శూన్యం నుంచి చేశాడా, ఉన్నదానితో చేశాడా?

రెండూ దొరుకుతాయి. 2 మక్కబీయులు 7:28లో తల్లి తన కుమారుడితో, దేవుడు వీటిని ఉన్నవాటితో చేయలేదంటుంది. సొలోమోను జ్ఞానగ్రంథం 11:17 రూపంలేని పదార్థంతో లోకాన్ని చేసిన చేయి అంటుంది. బెరేషిత్ రబ్బాలో ఒక తత్వవేత్త గమలీయేలుతో "మీ దేవుడు గొప్ప చిత్రకారుడే, కానీ ఆయనకు మంచి రంగులు దొరికాయి" అని నిరాకారం, శూన్యం, చీకటి, గాలి, నీళ్ళు, అగాధం అని లెక్కపెడతాడు. ప్రతి రంగునూ ఆయనే సృజించాడని చూపడానికి గమలీయేలు ఒక్కోదానికి ఒక్కో వచనం చెబుతాడు.

## ఆలయం పోయాక

తర్గూముల్లో వచ్చే "మేమ్రా" వేరే వ్యక్తా?

తర్గూము అంటే సమాజమందిరంలో హెబ్రీ పాఠం పక్కన చెప్పే అరామిక్ అనువాదం. దేవుడు మాట్లాడాడు, నడిచాడు, సృజించాడు అన్న చోట్ల అనువాదకులు తరచు "యెహోవా మేమ్రా" అని పెట్టారు. నెయోఫీతిలో వెలుగు కలిగింది మేమ్రా ఆజ్ఞ ప్రకారమే. ఈ తర్గూము వాటికన్ గ్రంథాలయంలో ఓన్కెలోస్ అన్న తప్పుపేరుతో పడి ఉండగా, 1956లో స్పెయిన్ పండితుడు దీయెస్ మాచో అసలు సంగతి బయటపెట్టాడు.

మేమ్రా వ్యక్తి అని నమ్మేవాళ్ళు ఒక పరీక్ష చేసి చూడాలి. మేమ్రా దేవునితో మాట్లాడినట్టు, దేవుడు మేమ్రాను పిలిచినట్టు తర్గూముల్లో కనిపిస్తుందా? లేదు. ఎక్కువచోట్ల అది భక్తితో పెట్టిన తెర. అయినా ఊరికే పర్యాయపదం అని కొట్టిపారేయలేం. సృష్టి, రక్షణ లాంటి చోట్ల దేవుడు లోకాన్ని తాకే విధానానికి అది పేరైంది.

షెఖీనా అనే మాట ఆదికాండములో ఉందా?

లేదు. హెబ్రీ బైబిలు మొత్తంలో ఎక్కడా లేదు. "నివసించు" అన్న ధాతువు నుంచి రబ్బీలు చేసుకున్న మాట అది, లోకంలో దేవుని సన్నిధి అని అర్థం. ఆ మాటతో వాళ్ళు సృష్టి కథను కొత్తగా చెప్పారు.

బెరేషిత్ రబ్బా 19:7 ప్రకారం షెఖీనా మొదటి చోటు కింద, భూమి మీదే. ఆదాము పాపం చేయగానే మొదటి ఆకాశానికి లేచింది. కయీనుతో రెండోదానికి, ఎనోషు తరంతో మూడోదానికి, జలప్రళయపు తరంతో నాలుగోదానికి, గోపురం కట్టినవాళ్ళతో ఐదోదానికి, సొదొమవారితో ఆరోదానికి, అబ్రాహాము కాలపు ఐగుప్తీయులతో ఏడోదానికి. తర్వాత దిగడం మొదలైంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, లేవి, కహాతు, అమ్రాము ఒక్కో మెట్టు దించారు, మోషే భూమికి తెచ్చాడు. ఇదంతా "సంచరించుచున్న" అన్న ఒక్క క్రియ నుంచి పుట్టింది. ఆ రూపాన్ని రబ్బీ అబ్బా బర్ కహానా "ఎగిరెగిరి పైకి పోవడం" అని చదివాడు. నెయోఫీతి మాత్రం 3:24లో షెఖీనా మహిమ తోట తూర్పున, రెండు కెరూబుల నడుమ నిలిచిందంటుంది. అక్కడ వెళ్ళిపోయింది మనిషే, సన్నిధి కాదు.

దేవుణ్ణి "స్థలం" అని ఎందుకు పిలిచారు?

రబ్బీలు దేవునికి వాడే పేర్లలో మాకోమ్ ఒకటి. అర్థం "చోటు". బెరేషిత్ రబ్బా 68:9 కారణం చెబుతుంది: లోకానికి ఆయన చోటు, లోకం ఆయనకు చోటు కాదు. లోకంలో దేవుడు ఎక్కడ అని వెదికేవాళ్ళకు, లోకమే ఆయనలో ఉందని జవాబు.

సృష్టి గురించి నలుగురిలో బోధించకూడదని నిజంగా నియమం ఉందా?

ఉంది. మిష్నా హగీగా 2:1 ప్రకారం సృష్టికార్యాన్ని ఒకేసారి ఇద్దరికి వివరించకూడదు. పైన ఏముంది, కింద ఏముంది, ముందు ఏమిటి, తర్వాత ఏమిటి అని తవ్వేవాడు పుట్టకపోతేనే మేలు అంటుంది.

దీని వెనుక భయం ఏమిటో మిష్నాకు అనుబంధమైన తోసెఫ్తాలోని బెన్ జోమా ఉదంతం చూపిస్తుంది. రబ్బీ యెహోషువ దారిలో ఎదురైతే బెన్ జోమా పలకలేదు. ఏమాలోచిస్తున్నావంటే, పైనీళ్ళకూ కిందినీళ్ళకూ నడుమ ఎంత ఎడముందో చూస్తున్నానన్నాడు. బెత్తెడు కూడా లేదన్నాడు. గూటి మీద అల్లాడే పక్షి వచనం ఆధారంగా చూపాడు. రబ్బీ తన శిష్యులవైపు తిరిగి "బెన్ జోమా బయటికి పోయాడు" అన్నాడు. కొద్ది రోజులకే బెన్ జోమా చనిపోయాడు. దేవుని సన్నిధికీ లోకానికీ మధ్య దూరాన్ని బెత్తెల్లో కొలవడమే ఆ ఉదంతంలో హద్దు దాటడం.

## మీరే పోల్చి చదివేటప్పుడు

కొత్తగా చదివేవాళ్ళు ఎక్కడ ఎక్కువగా పొరబడతారు?

మొదటిది కాలాల కలగాపులగం. దేవుడు తనను తాను కుదించుకుని లోకానికి చోటిచ్చాడన్న సిమ్‌సూమ్ సిద్ధాంతం 16వ శతాబ్దపు సఫేదు నగరానిది, ఇస్సాకు లూరియా బోధ. యూదు మార్మిక గ్రంథం జోహర్ 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో వెలువడింది. వీటిని "ప్రాచీన యూదుల నమ్మకం" అని బోధించడం తప్పు. రెండోది, "యూదులు ఇలా నమ్మారు" అని ఏకవచనంలో మాట్లాడడం. ఫలానా గ్రంథం ఇలా అంది అనండి. మూడోది, లోగోస్, మేమ్రా, జ్ఞానం, షెఖీనా నాలుగూ ఒకటే అనుకోవడం. వాటి భాషలు, కాలాలు, పనులు వేరు. రబ్బీల కథల్ని చరిత్రలా చదవడం మరో పొరపాటు. అవి వచనంలోని ఒక్క అక్షరానికి, ఒక్క క్రియారూపానికి కట్టిన వ్యాఖ్యానాలు. ఏ అక్షరానికో కనుక్కోకపోతే కథ గాల్లో తేలుతుంది.

గంటసేపు తరగతికి ఒక వచనాన్ని ఎలా పోల్చి చూపించాలి?

ఆదికాండము 3:8 తీసుకోండి. కాగితం అడ్డంగా తిప్పి ఐదు నిలువు గడులు గీయండి: హెబ్రీ, సెప్టువజింటు, జూబిలీలు, ఓన్కెలోస్, బెరేషిత్ రబ్బా. అడ్డంగా నాలుగు వరుసలు: క్రియ ఏది, ఆ క్రియకు కర్త ఎవరు, ఎక్కడ జరిగింది, పక్కన ఇంకెవరున్నారు. మొదటి పావుగంట తెలుగు వచనాన్నే నాలుగైదుసార్లు పైకి చదివించి, "సంచరించుచున్న" ఎవరికి చెందుతుందో ఓటు వేయించండి. తర్వాతి అరగంట గడులు నింపండి. జూబిలీల గడిలో నడక ఉండదు. దాన్ని ఖాళీగానే ఉంచి, రచయిత ఎందుకు వదిలేశాడో చర్చించండి. చివరి పావుగంట బెరేషిత్ రబ్బా ఏడు ఆకాశాల మెట్లకు, పలక మీద బొమ్మ గీస్తూ. సమయం మిగిలితే 1:2కు అవే గడులు వేయండి. 1:26ను అదే గంటలో కలపకండి, దానికి విడిగా ఒక తరగతి పడుతుంది.